మన ఊరి కుళాయి నీళ్లు తాగొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది సాగర్ కుడి కాలువ నీళ్ల మీద బతికే చిన్న ఊళ్ల వాళ్ల కోసం రాసింది. పల్నాడు, ప్రకాశం వైపు చాలా ఊళ్లలో పరిస్థితి ఒకటే. కాలువ వదిలినప్పుడు చెరువు నింపుకోవాలి, మళ్లీ కాలువ వచ్చేదాకా ఆ నీళ్లే శుద్ధి చేసుకుని తాగాలి, రోజు విడిచి రోజు ముప్పావు గంట కుళాయి వస్తే సంతోషించాలి. తెలంగాణలో నల్లా నీళ్లు తాగేవాళ్లకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. రెండేళ్ల క్రితం మా వీధిలో వరసగా పదిహేను ఇళ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటి నుంచి నేను ఈ నీళ్ల సంగతి వెంటపడి తెలుసుకుంటున్నాను. ఇరుగుపొరుగు, చుట్టాలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవన్నీ.

సూటిగా చెప్పండి, కుళాయి నీళ్లు తాగొచ్చా, తాగకూడదా?

కాచి, చల్లార్చి తాగండి. వానాకాలంలో అయితే తప్పనిసరిగా, ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ఏడాది పొడుగునా. నేరుగా పట్టుకుని తాగొచ్చా అంటే, నీళ్లలో క్లోరిన్ మీ ఇంటి దాకా మిగిలి వస్తోందా, మీ వీధి పైపు మురుగు కాలువలో నుంచి వెళుతోందా అనే రెండు విషయాలు తెలిశాకే జవాబు చెప్పగలం. ఈ రెండూ తెలుసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు, కింద రాశాను.

అసలు ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఏం చేసి పంపుతారు?

కాలువ నీళ్లు ముందు ఊరి బయట చెరువులోకి వస్తాయి. సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు అంటారు, మనం చెరువనే అంటాం. అక్కడి నుంచి తోడి పటిక కలుపుతారు. పటిక పడగానే నీళ్లలో తేలే సన్నటి మట్టి ఉండలు కట్టి అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్లని ఇసుక, గులకరాళ్లు పరిచిన ఫిల్టర్ బెడ్డులో నుంచి వడకడతారు. ఆఖరున క్లోరిన్ గ్యాస్ గానీ బ్లీచింగ్ గానీ కలిపి, కనీసం అరగంట ఆగనిచ్చి ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించి వీధుల్లోకి వదులుతారు. ఈ వరసలో ఏ ఒక్కటి సరిగ్గా జరక్కపోయినా తర్వాతది పనిచేయదు. మట్టి పోకుండా క్లోరిన్ వేస్తే క్లోరిన్ అంతా ఆ మట్టికే ఖర్చయిపోయి క్రిములకి మిగలదు. కాలువకి కొత్త నీరు వచ్చిన రోజుల్లో ఊళ్లో రోగాలు పెరగడానికి ఇది ఒక కారణం.

శుద్ధి చేసిన నీళ్లే కదా, మరి ఎక్కడ పాడవుతున్నాయి?

ఎక్కువసార్లు ట్యాంకు దిగాక, మన గుమ్మం దాకా వచ్చే దారిలో. మా వీధిలో అదే జరిగింది. అందరూ చెరువులో ఏదో చచ్చి పడిందనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ పక్క వీధిలో ఒక్కరికీ ఏమీ కాలేదు, వాళ్లదీ అదే ట్యాంకు. మూడో రోజు కల్వర్టు దగ్గర మురుగు తోడించి చూశారు. ఇంటి కనెక్షన్ల జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపులు, ఆరేడు పక్కపక్కనే మురుగులో మునిగి ఉన్నాయి. ఒకదానికి అడుగున తుప్పు తినేసి చిటికెన వేలు దూరేంత కన్నం. ఎప్పుడో ఎవరో దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరుతో బిగించారు, ఆ ట్యూబు చివికి ఊడి వేలాడుతోంది. నీళ్లు వదిలినప్పుడు ఆ కన్నంలో నుంచి మంచినీళ్లు మురుగులోకి చిమ్ముతున్నాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ అదే కన్నంలో నుంచి మురుగుని లోపలికి లాగేసుకుంటోంది. అక్కడే నిలబడి కళ్లారా చూశాను. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురుగే ముందుగా మన బిందెల్లో పడుతుంది.

ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే పైపులో ఒత్తిడి ఎప్పుడూ బయటికే తోస్తూ ఉంటుంది కాబట్టి, కన్నమున్నా మురుగు లోపలికి రావడం తక్కువ. మనకి నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు ముప్పావు గంట, మిగతా సమయమంతా పైపులు ఖాళీ. కుళాయి గుంటల సంగతి కూడా ఇందులోదే. ప్రెషర్ లేదని కుళాయిని రెండడుగులు కిందికి దించి గుంట తవ్వుకుంటాం. అంట్లు తోమిన నీళ్లు, వాన నీళ్లు ఆ గుంటలోనే నిలుస్తాయి. కట్టేయకుండా వదిలేసిన కుళాయి వాటిలో మునిగి ఉంటే సరఫరా ఆగిన క్షణం ఆ నీళ్లు పైపులోకి వెళతాయి, అక్కడి నుంచి పక్కింటికీ వెళతాయి. రబ్బరు పైపు బకెట్లో ముంచి అలాగే వదిలేసినా ఇంతే. గుంట పూడ్చడం కుదరకపోతే కనీసం కుళాయి మూతి నీళ్లకి జానెడు పైన ఉండేలా చూడండి, బిరడా బిగించి ఉంచండి.

అందరూ మోటర్లు పెడుతున్నారు, మేమొక్కళ్లం పెడితే తప్పేంటి?

మెరక మీద ఇళ్లున్నవాళ్ల బాధ నాకు తెలుసు, మా అత్తయ్యగారి ఇల్లు మెరక మీదే. పల్లంలో వాళ్లు కుళాయిలు వదిలేస్తే పైన వీళ్లకి చుక్క రాదు. కానీ మోటరు పైపులో ఉన్న నీళ్లని మాత్రమే లాగదు. పైపు చుట్టూ ఎక్కడ సందుంటే అక్కడి నుంచి మురుగునీ లాగుతుంది, ముందు తాగేది ఆ మోటరున్న ఇంటివాళ్లే. ఈ ఒక్క మాట చెబితే మా వీధిలో ముగ్గురు మోటర్లు తీసేశారు. ఫైన్ వేస్తామంటే ఎవరూ తీయలేదు. మెరక వీధులకి వేరే వాల్వు పెట్టి వేరే టైముకి నీళ్లు వదలమని అడగడమే దీనికి సరైన దారి.

టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే చాలదా?

చాలదు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం ఇదే. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలు, అంతే. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మీటరు క్రిముల్ని చూపించదు, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. బిందెడు నీళ్లలో గ్లాసెడు మురుగు కలిపినా మీటరు అంకె పెద్దగా మారదు, ఆ బిందె మాత్రం ఇంటిల్లిపాదినీ మంచాన పడేస్తుంది. మీటరు 350 చూపించిందని కుళాయి నీళ్లు పారబోసి, 40 చూపించిందని ఎక్కడ నింపారో తెలియని క్యాను కొనుక్కునేవాళ్లు మా బజారులోనే బోలెడుమంది ఉన్నారు. అమ్మేవాళ్లు ఇంటికొచ్చి మీటరు ముంచి భయపెట్టడం వల్ల వచ్చిన అలవాటు ఇది.

నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి, ప్రమాదమా?

కాదు, కొద్దిగా వాసన వస్తోందంటే క్లోరిన్ మీ ఇంటి దాకా బతికి వచ్చిందని అర్థం. వాసన ఇష్టం లేకపోతే వెడల్పాటి గిన్నెలో పోసి కాసేపు వదిలేయండి, తగ్గిపోతుంది. ముక్కు మండేంత ఘాటుగా ఉంటే మాత్రం డోసు ఎక్కువైనట్టే, వాటర్ వర్క్స్ వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరుగుతుంటుంది. క్లోరిన్ నీళ్లలోని చెత్తతో కలిసి కొన్ని రసాయనాలు తయారయ్యే మాట నిజమే, అందుకే ముందు నీళ్లని బాగా వడకట్టాలంటారు. కానీ ఆ ముప్పు చాలా చిన్నది, క్లోరిన్ లేని నీళ్లతో వచ్చే కలరా, టైఫాయిడ్ ముప్పు చాలా పెద్దది. క్లోరిన్ మానేయడానికి దాన్ని కారణంగా చూపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది.

క్లోరిన్ మా ఇంటి దాకా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

వాటర్ వర్క్స్ వాళ్ల దగ్గర చిన్న క్లోరోస్కోప్ పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నదాన్ని బట్టి రంగు తిరుగుతుంది, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. పాత ఓటీ మందుకి పసుపు రంగు, ఇప్పుడు వాడమంటున్న డీపీడీకి గులాబీ రంగు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఏమీ రంగు రాలేదంటే ఆ నీళ్లకి రక్షణ లేనట్టే.

టెస్టు ఎక్కడ చేస్తున్నారన్నది చూసుకోండి. ట్యాంకు కిందే ఉన్న కుళాయిలో చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. లైను ఆఖరున ఉన్న ఇంట్లో, మురుగు కాలువ దాటాక వచ్చే మొదటి ఇంట్లో చేయాలి. మా వార్డుకి నీళ్లు వదిలే ఆయన్ని "బాబాయ్, ఈసారి మా చివరి కుళాయి దగ్గర ఒక్కసారి చూసిపెట్టవా" అని అడిగితే పెట్టె పట్టుకుని వచ్చాడు. ట్యాంకు దగ్గర నిండు పసుపు వచ్చింది, మా చివర గొట్టం తెల్లగానే ఉండిపోయింది. ఆయన మొహం కూడా మారిపోయింది.

నీళ్ల రంగు చూసి ఏం చెప్పొచ్చు?

పాలలాగా తెల్లగా వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో గ్లాసు అడుగు నుంచి తేటపడితే అది గాలి బుడగలు, భయం లేదు. ఎర్రగా వస్తే తుప్పు, కాసేపు వదిలితే తగ్గుతుంది, తగ్గకపోతే పైపు మార్చాలి. బురదగా ఉంటే కొత్త నీరు. ఎండాకాలంలో ఆకుపచ్చగా, నాచు వాసనతో వస్తే చెరువు అడుగంటుతోందన్నమాట. నల్లగా, కోడిగుడ్డు కుళ్లిన వాసనతో వస్తే మురుగు కలిసిందనుకోండి, తాగొద్దు, పళ్లు కూడా తోముకోవద్దు, వెంటనే చెప్పండి. ఒక్క సంగతి, మురుగు కొద్దిగా కలిసినప్పుడు రంగూ మారదు, వాసనా రాదు. మా వీధిలో ఆ రోజు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉన్నాయి.

మరి బోరు నీళ్లు తాగితే మేలు కదా, మురుగు గొడవ ఉండదు?

మన ప్రాంతంలో ఈ మాట అనే ముందు ఆలోచించాలి. దేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే భూమి లోపలి నీళ్లలో ఉండే ఫ్లోరైడ్‌తో వచ్చే పళ్ల, ఎముకల జబ్బుని, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి. ఫ్లోరైడ్‌కి రంగూ రుచీ లేవు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే ఆ నీళ్లు తాగకూడదు. ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార కడుతుంది, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగిపోతుంది, ఒకసారి వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. నలభై ఏళ్లకే కర్ర పట్టుకుని, తల ఎత్తి మనిషి మొహం చూడలేని వాళ్లని పడమటి మండలాల్లో చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. వాళ్లు ఇన్నేళ్లుగా కృష్ణ నీళ్ల కోసం ఎదురుచూస్తున్నది పొలాల కోసం ఒక్కటే కాదు. సాగర్ కాలువ నీళ్లలో సాధారణంగా ఈ బెడద ఉండదు, అందుకే కాలువ నీళ్లని కాపాడుకోవాలని ఇంతగా చెబుతున్నాను.

బోరుకి ఇంకో చిక్కు నైట్రేట్. మరుగుదొడ్డి గుంట పక్కనే బోరున్న ఇళ్లలో, ఎరువులు ఎక్కువ వేసే పొలాల దగ్గర ఇది ఎక్కువ. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే డబ్బాపాలు తాగే పసిబిడ్డలకి ప్రమాదం, ఒళ్లు నీలంగా మారుతుంది. ఫ్లోరైడ్ గానీ నైట్రేట్ గానీ కాచినా పోవు, నీళ్లు ఇగిరిపోయి ఇంకా చిక్కబడతాయి.

గట్టి నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయా?

గట్టి నీళ్లే కారణమని గట్టిగా చెప్పే రుజువు లేదు. ఎండలో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగడం పెద్ద కారణం. గట్టి నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకి తెల్ల చారలు కడతాయి. ఇబ్బందే గానీ విషం కాదు.

ఆర్వో పెట్టించుకోమంటారా?

ఫ్లోరైడో నైట్రేటో హద్దు దాటిన బోరు నీళ్లు తప్ప వేరే దిక్కు లేకపోతే పెట్టించుకోండి, మేలు చేస్తుంది. కాలువ నీళ్లకైతే అవసరం లేదు, మూడు బిందెలు పోస్తే ఒకటే చేతికొస్తుంది, మిగతాది మోరీ పాలు. నీళ్ల కోసం ఇంత కొట్టుకునే ఊళ్లో అది నాకు మనసొప్పదు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోలు అక్కర్లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2019లో చెప్పింది. కాలువ నీళ్లకి మామూలు క్యాండిల్ ఫిల్టరు, ఆపైన కాచడం సరిపోతుంది. ఇప్పటికే ఆర్వో ఉంటే ఫిల్టర్లు టైముకి మార్పించండి.

ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు?

క్యానులో నీళ్లకంటే క్యాను మీదే నాకు ఎక్కువ అనుమానం. లోపల చెయ్యి దూరదు కాబట్టి సరిగ్గా కడగరు, ఎండలో ఆటోలో తిరుగుతుంది, లోపల క్లోరిన్ ఏమీ ఉండదు. ఖాళీ క్యాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, అడుగు అంచున పచ్చటి జిగురు కనిపిస్తే ఆ ప్లాంటు మార్చేయండి. మీరు తెప్పించే ప్లాంటుకి ఒకసారి వెళ్లి చూడండి, ఎలా కడుగుతున్నారో అడగండి. మినరల్ వాటర్ అని రాసుంటే సరిపోదు.

కాచడం అంటే ఎంతసేపు?

తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. పది నిమిషాలు మరిగించి గ్యాసు దండగ చేయొద్దు. మురికిగా ఉంటే ముందు తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టి అప్పుడు కాచండి. కాచిన నీళ్లు అదే గిన్నెలో మూతపెట్టి చల్లారనివ్వండి. చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతోంది. కాచి, ఆ నీళ్లని పచ్చినీళ్ల బిందెలో పోసి, గ్లాసు ముంచుకుంటారు, వేళ్లు నీళ్లలో పడతాయి. పొడుగు కాడ గరిటె వాడండి, లేదా కుళాయి ఉన్న డ్రమ్ము కొనండి.

పటిక, చిల్లగింజ, రాగి బిందె పనిచేస్తాయా?

చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే మట్టి దిగుతుందని మన పెద్దలకి ఎప్పటి నుంచో తెలుసు, పటిక చేసే పనే అది. రెండూ బురదని తీస్తాయి, క్రిముల్ని పూర్తిగా తీయవు, కాబట్టి తర్వాత కాచాల్సిందే. రాగి బిందెలో రాత్రంతా ఉంచితే కొన్ని క్రిములు చస్తాయి, కానీ మురుగు కలిసిన రోజున రాగి బిందెని నమ్ముకోవద్దు.

ఇంట్లో సంపు, పైన ట్యాంకు ఎలా చూసుకోవాలి?

మూడు నెలలకోసారి కడగండి. సంపు మూత నేలకి సమానంగా ఉంటే వాన నీళ్లు లోపలికి పోతాయి, చుట్టూ నాలుగంగుళాల గట్టు కట్టించండి. అనుమానమున్నప్పుడు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు చెంబుడు నీళ్లలో కలిపి, తేరాక పైనున్న తేట మాత్రమే పోసి, అరగంట ఆగి వాడండి. ఎప్పుడో విప్పి మూల పడేసిన బ్లీచింగ్ సంచిలో సున్నమే మిగిలి ఉంటుంది, ఘాటు లేకపోతే దాన్ని నమ్మొద్దు. క్లోరిన్ మాత్రలైతే ఎన్ని లీటర్లకి ఒకటో అట్ట మీద చూసి వేయండి.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే?

నీళ్లు ఆపొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. తల్లిపాలు మాన్పించొద్దు. పిల్లలకి జింక్ మాత్రలు ఇమ్మని ఏఎన్ఎంని అడగండి. బియ్యం కడిగిన నీళ్లలా పోతున్నా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పక్కింట్లో కూడా ఉందా అని అడగండి, ఉంటే ఆశా కార్యకర్తకి అదే రోజు చెప్పండి. మా వీధిలో ఎవరికి వాళ్లం నిన్న తిన్నదేదో పడలేదనుకుని రెండు రోజులు ఊరుకున్నాం, ఆ రెండు రోజుల్లో ఇంకో ఎనిమిది ఇళ్లకి పాకింది. కామెర్లు ఇంకా ఆలస్యంగా, కొన్ని వారాల తర్వాత బయటపడతాయి. నీళ్ల ద్వారా వచ్చే 'హెపటైటిస్-ఇ' రకం కామెర్లు నిండు గర్భిణులకి ప్రాణాంతకం కావచ్చు, పసరు మందు అంటూ రోజులు పోగొట్టొద్దు.

నీళ్లు పరీక్ష చేయించాలంటే?

ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులు ఉన్నాయి, బోరు నీళ్లయితే ఒక్కసారైనా ఫ్లోరైడ్, నైట్రేట్ చూపించుకోండి. క్రిముల పరీక్షకి ల్యాబు వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసానే వాడాలి, కుళాయి రెండు మూడు నిమిషాలు వదిలాక పట్టాలి, మూత లోపల వేలు తగలకూడదు, ఐసు పెట్టి అదే రోజు అందించాలి. కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళితే ఆ రిపోర్టుకి విలువ లేదు. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై ఒక్కటి కూడా ఉండకూడదు. ల్యాబు దూరమైతే హెచ్2ఎస్ సీసా ఉంది, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచితే మురుగు కలిసిన నీళ్లు నల్లబడతాయి. మా వీధి సీసా మర్నాడు పొద్దున్నకే తారులా అయింది. దాన్ని చేత్తో పట్టుకుని ఆఫీసుకి వెళ్లాం, మా మాటలకంటే ఆ సీసాకే ఎక్కువ విలువ దక్కింది.

ఎవరికి చెప్పాలి, ఏమని అడగాలి?

ఆంధ్రాలో వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి నీళ్ల సంగతి చూసే బాధ్యత ఉంది. కదలిక లేకపోతే సోమవారం జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి, తెలంగాణలో ప్రజావాణి ఉంది. నీళ్లు బాగోలేదని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ కల్వర్టు దగ్గర, ఎన్ని ఇళ్లకి అని రాయండి, ఫోటో పెట్టండి. ట్యాంకు మీద కడిగిన తేదీ పెయింటుతో రాసి ఉండాలి, ఉందో లేదో వెళ్లి చూడండి. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి గత మూడు నెలల క్లోరిన్ రిజిస్టరు నకలు అడగండి, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. మేము అడిగాం. అన్ని రోజులూ ఒకే అంకె, ఒకే సిరాతో ఉంది. ఆ కాగితం అర్జీకి జతచేశాక నెల తిరక్కుండా మా కల్వర్టు దగ్గర పైపు మురుగులో నుంచి తీసి పైకి వేశారు, ఇప్పుడు చివరి కుళాయి దగ్గర గొట్టం పసుపు తిరుగుతోంది. మా వార్డులోనే ఇంకో రెండు కల్వర్టుల కింద పాత జీఐ పైపులు మురుగులోనే ఉన్నాయి. వానలు మొదలయ్యేలోపు అవీ మార్చాలని మొన్న సోమవారం మళ్లీ అర్జీ ఇచ్చాం.